రెండు జీతాలు, తుక్కుగూడ ప్లాటు, రెండు దేశాల్లో అదనపు పన్ను: ఒక కేస్ స్టడీ

డాలస్ చుట్టుపక్కల ఉండే మనవాళ్లకు టాక్స్ రిటర్న్‌లు చేసే ఎన్‌రోల్డ్ ఏజెంట్‌ని (అమెరికా పన్ను శాఖ ఐఆర్ఎస్ గుర్తింపు ఉన్న పన్ను నిపుణుడిని) నేను. ఈ కేసు 2024 పన్ను సంవత్సరానిది. ఆ కుటుంబాన్ని ఎవరూ గుర్తుపట్టకుండా కొన్ని వివరాలు మార్చాను, అంకెల్ని గుండ్రం చేశాను. లెక్క వేసిన పద్ధతి మాత్రం ఉన్నదున్నట్టే చెప్తున్నాను.

భార్యాభర్తలిద్దరూ సాఫ్ట్‌వేర్, హెచ్-1బీ మీద ఉన్నారు. ఫ్రిస్కోలో ఇల్లు, ఒక పాప. నవంబర్ చివర్లో వచ్చే థాంక్స్‌గివింగ్ పండగ అయిన వారంలో ఫోన్ చేశారు. అంతకుముందు ఏడాది రిటర్న్ ఆయనే సాఫ్ట్‌వేర్‌లో చేసుకున్నాడు. చివర్లో మెడికేర్ పేరుతో కొన్ని వందల డాలర్లు కట్టమని చూపిస్తే కట్టేశాడు కానీ, ఎందుకు కట్టాడో అర్థం కాలేదు. "డబ్ల్యూ-4లు ఇద్దరివీ కరెక్ట్‌గానే పెట్టాం అన్నా. ప్రతి పే చెక్‌లో కట్ అవుతూనే ఉంది. మళ్లీ ఈ మెడికేర్ ఏంటి, మనకి అరవై ఐదేళ్లు వచ్చాక కదా అది?" అన్నాడు. (డబ్ల్యూ-4 అంటే జీతంలోంచి ఎంత పన్ను పట్టుకోవాలో కంపెనీకి చెప్పే ఫారం. మెడికేర్ అంటే పెద్దవయసు వాళ్లకు ప్రభుత్వ ఆరోగ్య బీమా.) ఫోన్ పెట్టేసే ముందు, పనిలో పనిగా అన్నట్టు ఇంకో మాట వేశాడు: "అక్టోబర్‌లో తుక్కుగూడ ప్లాటు అమ్మేశాం. అక్కడ టీడీఎస్ కట్ అయిపోయింది. ఇక్కడ మళ్లీ ఏం ఉండదుగా?"

మొదటి ప్రశ్నకి జవాబు వెయ్యి డాలర్లది. రెండోది అంతకు చాలా రెట్లది.

గీత ఎక్కడ గీశారు

అమెరికాలో ఎక్కువ ఆదాయం మీద మామూలు ఇన్‌కమ్ టాక్స్‌కి తోడు రెండు పన్నులున్నాయి. రెండూ 2010 ఆరోగ్య చట్టాలతో పుట్టాయి, 2013 నుంచి అమల్లో ఉన్నాయి. ఒకటి అడిషనల్ మెడికేర్ టాక్స్. జీతం, సొంత వ్యాపారం మీద వచ్చే సంపాదన ఒక పరిమితి దాటితే, దాటిన భాగం మీద 0.9 శాతం. రెండోది నెట్ ఇన్వెస్ట్‌మెంట్ ఇన్‌కమ్ టాక్స్, అందరూ ఎన్ఐఐటీ అంటారు. వడ్డీ, డివిడెండ్లు, అద్దెలు, షేర్లూ స్థలాలూ అమ్మిన లాభాల మీద 3.8 శాతం. జాయింట్‌గా ఫైల్ చేసే దంపతులకు రెండింట్లోనూ గీత 2,50,000 డాలర్లు. ఒంటరివాళ్లకు 2,00,000. పెళ్లయి విడిగా ఫైల్ చేస్తే 1,25,000.

టాక్స్ స్లాబులు, స్టాండర్డ్ డిడక్షన్, 401కే (ఆఫీసు ద్వారా వేసే రిటైర్మెంట్ పొదుపు) పరిమితి ఏటా ధరలతో పాటు పెరుగుతాయి. ఈ గీత పెరగదు. చట్టంలోనే ద్రవ్యోల్బణంతో ముడిపెట్టలేదు. 2025లో వచ్చిన పెద్ద పన్ను చట్టం కూడా దీన్ని కదపలేదు. అందుకే 2013లో డాక్టర్ల రిటర్న్‌లలో కనిపించిన ఫారం 8959 (0.9 శాతానిది), ఫారం 8960 (ఎన్ఐఐటీది) ఇప్పుడు ఇద్దరు ఇంజనీర్లున్న ఏ ఇంటి రిటర్న్‌లో చూసినా వస్తున్నాయి. వీళ్లని ధనవంతులంటే వాళ్లే నవ్వుతారు. డేకేర్ బిల్లు చూస్తే నాకూ నవ్వొస్తుంది. కానీ చట్టం డేకేర్ బిల్లు చూడదు.

ఎన్ఐఐటీ మీద చిన్న ముచ్చట. పన్ను చట్టంలో అది ఉన్న భాగానికి మెడికేర్ పేరే పెట్టారు, వసూలైన డబ్బు మాత్రం మెడికేర్ నిధికి కాకుండా ప్రభుత్వ సాధారణ ఖజానాకి వెళ్తుంది. 0.9 శాతం మాత్రం నిజంగానే మెడికేర్‌కి వెళ్తుంది.

252 డాలర్ల కథ

ఏడాది ముగిశాక వాళ్ల డబ్ల్యూ-2లు (ఏడాది జీతం, కోతలు చూపిస్తూ కంపెనీ ఇచ్చే ఫారాలు) వచ్చాయి. ఇలాంటి కేసుల్లో నేను ముందు చూసేది 5, 6 గడులే. ఐదో గడిలో మెడికేర్ జీతం, ఆరో గడిలో దాని మీద పట్టుకున్న పన్ను. ఆయనకు జీతం, బోనస్, వెస్ట్ అయిన (అంటే చేతికొచ్చిన) ఆర్ఎస్‌యూలు, అంటే కంపెనీ జీతంతో పాటు ఇచ్చే షేర్లు, అన్నీ కలిపి ఐదో గడిలో 2,28,000. ఆరో గడిలో 3,558. ఆమెకు ఐదులో 1,62,000, ఆరులో 2,349.

ఆమెది సరిగ్గా 1.45 శాతం, అంటే మామూలు మెడికేర్. ఆయనది 1.45 శాతం అయితే 3,306 రావాలి. 252 ఎక్కువుంది. ఎందుకంటే ఒక ఉద్యోగికి తాము ఇచ్చే జీతం 2,00,000 దాటినప్పటి నుంచి కంపెనీ 0.9 శాతం అదనంగా పట్టుకోవాలి. ఆయనకు దాటింది 28,000, దాని మీద 252. పే చెక్‌లో ఈ కోత ఆయన కంట పడనే లేదు. దానికీ కారణం ఉంది. 2024లో జీతం 1,68,600 దాటగానే 6.2 శాతం సోషల్ సెక్యూరిటీ కోత ఆగిపోతుంది, చేతికొచ్చే డబ్బు పెరుగుతుంది. తర్వాత కొన్నాళ్లకు మొదలయ్యే 0.9ని ఎవరు చూస్తారు?

కంపెనీకి ఆయన జీతం ఒక్కటే తెలుసు. భార్యకు ఎంతొస్తుందో తెలీదు, అడగదు కూడా. ఐఆర్ఎస్ చూసేది ఇద్దరినీ కలిపి. 2,28,000, 1,62,000 కలిస్తే 3,90,000. గీత దాటింది 1,40,000. దాని మీద 0.9 శాతం అంటే 1,260. పట్టుకున్న 252 తీసేస్తే ఇంకా 1,008 కట్టాలి. వీళ్లిద్దరికీ పెళ్లి కాకపోయుంటే ఆయనకు 252తో సరిపోయేది, ఆమెకు అసలు ఉండేదే కాదు. ఆ మాట ఆమెతో అంటే, "ఇంత లేటుగా చెప్తే ఎలా అండి" అంది.

తలకిందుల కేసు కూడా వస్తుంటుంది. భర్తకు 2,30,000, భార్య హెచ్-4 మీద ఉండి ఉద్యోగం లేదు అనుకోండి. ఇల్లు మొత్తం గీత లోపలే ఉంది, అయినా కంపెనీ 30,000 మీద 270 పట్టుకుంటుంది. ఫారం 8959 వేస్తేనే అది వెనక్కి వస్తుంది. ఏడాది మధ్యలో ఉద్యోగం మారిన వాళ్లది ఇంకో రకం. రెండు కంపెనీల్లోనూ విడివిడిగా 2,00,000 దాటదు కాబట్టి ఎవరూ పట్టుకోరు, ఏప్రిల్‌లో ఒకేసారి బయటపడుతుంది.

"401కే ఇద్దరం ఫుల్‌గా వేస్తున్నాం కదా, అది తగ్గించదా?" అన్నది ఆయన తర్వాతి ప్రశ్న. ఇద్దరూ చెరో 23,000 వేశారు. అది ఒకటో గడిలోని జీతాన్ని తగ్గిస్తుంది, ఐదో గడిని ముట్టుకోదు. మెడికేర్ లెక్కంతా ఐదో గడి మీదే. ఐదో గడిని నిజంగా తగ్గించేది జీతంలోంచి నేరుగా వెళ్లే హెచ్ఎస్ఏ (వైద్య ఖర్చులకు పన్ను లేని పొదుపు ఖాతా), ఆఫీసు ఇన్సూరెన్స్ ప్రీమియం లాంటివి. వాళ్లు ఫోన్ చేసినప్పుడు ఆయన కంపెనీలో ఓపెన్ ఎన్‌రోల్‌మెంట్ (వచ్చే ఏడాదికి ఇన్సూరెన్స్ ఎంచుకునే సమయం) నడుస్తోంది. 2025కి హెచ్ఎస్ఏ ఉన్న ప్లాన్ తీసుకోమన్నాను. అది 0.9 శాతం కోసం కాదు, మామూలు ఇన్‌కమ్ టాక్స్‌లో ఎక్కువ కలిసొస్తుందని.

విడివిడిగా ఫైల్ చేద్దామా అన్న ఆలోచన ప్రతి ఇంట్లోనూ వస్తుంది. వేసి చూపించాను. అప్పుడు గీత చెరో 1,25,000. ఆయన దాటింది 1,03,000, ఆమె దాటింది 37,000. కలిపితే అదే 1,40,000. పైసా మిగల్లేదు, పైగా విడిగా ఫైల్ చేస్తే పోయే వేరే సదుపాయాలు కొన్ని ఉన్నాయి.

ప్లాటు

హైదరాబాద్ దగ్గరి ఆ తుక్కుగూడ ప్లాటుని 2011 మొదట్లో, అమెరికా రాకముందు, ఆయన తన పేరు మీద 13.5 లక్షలకి కొన్నాడు. 2024 అక్టోబర్‌లో 1.344 కోట్లకి అమ్మాడు. ఇండియాలో లాభం 1.209 కోట్లు. 2024 జూలై 23 తర్వాత అమ్మకం కాబట్టి లాంగ్ టర్మ్ రేటు 12.5 శాతం, ఇండెక్సేషన్ (ధరల పెరుగుదలకి తగ్గట్టు కొన్న ధరని పెంచి చూపడం) లేదు. ఇండియాలో ఉండే వాళ్లకు పాత స్థలాల మీద ఇండెక్సేషన్‌తో 20 శాతం లెక్క వేసుకుని ఏది తక్కువైతే అది కట్టే వీలుంది, ఎన్ఆర్ఐలకు ఆ వీలు ఇవ్వలేదు.

12.5 శాతం చొప్పున పన్ను 15,11,250 రూపాయలు. ఆదాయం కోటి దాటింది కాబట్టి దాని మీద 15 శాతం సర్‌ఛార్జ్, ఆ రెండింటి మీద 4 శాతం సెస్. మొత్తం 18,07,455. అక్కడ సర్‌ఛార్జ్ పని చేసే తీరు వేరు. ఇక్కడ 0.9 గానీ 3.8 గానీ గీత పైనున్న దాని మీదే పడతాయి. ఇండియా సర్‌ఛార్జ్ గీత దాటితే మొత్తం పన్ను మీద పడుతుంది. గీతకు కాస్త పైన ఉన్నవాళ్లకు మార్జినల్ రిలీఫ్ అని కొంత తగ్గింపు ఉంది, వీళ్లు దాన్ని దాటి చాలా దూరం వెళ్లారు. కాకపోతే లాంగ్ టర్మ్ లాభాల మీద సర్‌ఛార్జ్ 15 శాతం మించకూడదన్న కట్టడి ఉంది. ప్లాటు ఐదు కోట్లు పలికినా అంతే.

కొన్నవాళ్లు టీడీఎస్‌ని లాభం మీద కాకుండా మొత్తం అమ్మకం ధర మీద 14.95 శాతం పట్టుకున్నారు. 20,09,280 రూపాయలు. తక్కువ టీడీఎస్‌కి ముందే ఫారం 13 పెట్టి సర్టిఫికెట్ తెచ్చుకుని ఉంటే ఇది లాభానికే పరిమితమయ్యేది. అగ్రిమెంట్ రాసుకునే ముందు చేయాల్సిన పని అది. రిజిస్ట్రేషన్ రోజు కొనేవాళ్లని ఆపి చేయించేది కాదు. దాంతో ఆ తేడా 2,01,825 కోసం ఇండియాలో రిటర్న్ వేసి రీఫండ్ కోసం ఎదురుచూడాల్సి వచ్చింది. అయినా వీళ్ల అదృష్టం బాగుంది. కొనేవాళ్లు అమ్మేది ఎన్ఆర్ఐ అని తెలిసి సరైన సెక్షన్ కిందే పట్టుకున్నారు. ఇండియాలో ఉండేవాళ్ల లాగే 1 శాతం పట్టుకుని, తర్వాత నోటీసులు వచ్చి ఇరుపక్కలా టెన్షన్ పడ్డ కేసులు నా ఫైళ్లలో ఉన్నాయి.

భార్య పేరు కూడా మొదట్నుంచీ ఉండి, సగం డబ్బు ఆమెదే అయ్యుంటే, చెరో 60 లక్షల లాభంతో సర్‌ఛార్జ్ 10 శాతమే పడేది. అక్షరాలా 78,585 రూపాయలు మిగిలేవి. అమ్మే ముందు ఆమె పేరు చేరిస్తే రాదు. భార్యకిచ్చిన గిఫ్ట్ మీద వచ్చే ఆదాయాన్ని భర్త ఆదాయంలోనే కలుపుతారు.

ఇక ఇటు. హెచ్-1బీ మీద ఉన్నా, ఇక్కడ పన్ను విషయంలో రెసిడెంట్ అయ్యాక ప్రపంచంలో ఎక్కడ లాభం వచ్చినా ఐఆర్ఎస్‌కి చెప్పాల్సిందే. అమెరికా రాకముందు పెరిగిన విలువని వదిలేస్తారని చాలామంది అనుకుంటారు. వదలరు, కొన్న ధర నుంచే లెక్క. ఆ కొన్న ధరని కొన్నప్పటి డాలర్ రేటుతో, అమ్మిన ధరని అమ్మినప్పటి రేటుతో మార్చాలి. 2011లో డాలర్ 45, కాబట్టి 13.5 లక్షలు 30,000 డాలర్లు. 2024 అక్టోబర్‌లో 84, కాబట్టి 1.344 కోట్లు 1,60,000 డాలర్లు. లాభం 1,30,000. రూపాయి పడిపోవడం వల్ల డాలర్లలో లాభం కొంచెం తగ్గింది. మొత్తం 84తోనే మార్చి ఉంటే దాదాపు 1,44,000 వచ్చేది. స్నేహితులు చేసిన రిటర్న్‌లలో ఈ పొరపాటు తరచూ చూస్తాను, అది ఎప్పుడూ ఐఆర్ఎస్‌కే లాభం.

మామూలు పన్ను సంగతి త్వరగా చెప్తాను. వీళ్ల ఆదాయానికి లాంగ్ టర్మ్ రేటు 15 శాతం. ఇండియాలో కట్టిన పన్నుకి ఫారం 1116 మీద ఫారిన్ టాక్స్ క్రెడిట్, అంటే ఇక్కడి పన్నులోంచే తగ్గింపు, వస్తుంది. సర్‌ఛార్జ్, సెస్ కూడా అందులోకే వస్తాయి. క్రెడిట్‌కి తీసుకునేది అసలు పన్ను 18,07,455నే, రీఫండ్ రావాల్సిన భాగాన్ని కాదు. కానీ ఇది డాలర్‌కి డాలర్ చెల్లిపోదు. 15 శాతం రేటున్న లాభాన్ని ఆ ఫారంలో 0.4054తో గుణించి తగ్గించి చూపాలి, దాంతో క్రెడిట్ పరిమితి కుంచించుకుపోతుంది. మిగిలిపోయిన క్రెడిట్‌ని పదేళ్ల వరకు ముందుకు తీసుకెళ్లొచ్చు.

అసలు దెబ్బ ఎన్ఐఐటీ. వీళ్ల మొత్తం ఆదాయం ఇలా తేలింది: 401కే పోను జీతాలు 3,44,000. వడ్డీ, డివిడెండ్లు 6,000. పాత ఆర్ఎస్‌యూ షేర్లు అమ్మిన లాభం 14,000. ప్లాటు 1,30,000. అన్నీ కలిపి 4,94,000. ఎన్ఐఐటీని రెండింటిలో తక్కువదాని మీద వేస్తారు. ఒకటి గీత దాటిన మొత్తం ఆదాయం, ఇక్కడ 2,44,000. రెండోది పెట్టుబడుల ఆదాయం, ఇక్కడ 1,50,000. తక్కువది 1,50,000, దాని మీద 3.8 శాతం 5,700. అందులో ఒక్క ప్లాటు వాటా 4,940.

దీనికి ఇండియా పన్ను క్రెడిట్ పనికిరాదు. 18 లక్షలు కట్టినా ఈ 4,940లో ఒక్క డాలర్ తగ్గదు. క్రెడిట్ ఇచ్చే సెక్షన్ ఇన్‌కమ్ టాక్స్ అధ్యాయానికే వర్తిస్తుంది, ఎన్ఐఐటీ చట్టంలో వేరే అధ్యాయంలో ఉంది. ఆయనకు ఇది మింగుడుపడలేదు. "ఒక్క లాభం మీద అక్కడా ధనవంతుడిననే వేశారు, ఇక్కడా అదే మాటతో వేస్తున్నారు, కనీసం ఒకరికొకరు చెప్పుకోరా అన్నా?" అన్నాడు. ఆ ప్రశ్న కోర్టులదాకా వెళ్లింది. 2023లో ఫ్రాన్స్ ఒప్పందాన్ని బట్టి, 2024 డిసెంబర్‌లో కెనడా ఒప్పందాన్ని బట్టి కోర్ట్ ఆఫ్ ఫెడరల్ క్లెయిమ్స్ పన్ను కట్టినవాళ్ల పక్షాన తీర్పులిచ్చింది. అవి ఆయా ఒప్పందాల్లోని వాక్యాల మీద నిలబడ్డ తీర్పులు. ఇండియాతో 1989లో కుదిరిన ఒప్పందంలో క్రెడిట్ ఇచ్చే వాక్యమే అమెరికా చట్టంలోని పరిమితులకు లోబడి అని మొదలవుతుంది. అయిదు వేల డాలర్ల కోసం ఆ వాదన ఎత్తుకుని రిటర్న్‌ని పరిశీలనకి పిలవడం నాకు సబబుగా అనిపించలేదు, ఆయనకు అలాగే చెప్పాను.

ఇండియా పన్నుని క్రెడిట్‌గా కాకుండా డిడక్షన్‌గా (ఆదాయంలోంచి తగ్గింపుగా) తీసుకుంటే ఎన్ఐఐటీ ఆదాయం కొంత తగ్గుతుంది. అదీ వేసి చూశాం. అప్పుడు స్టాండర్డ్ డిడక్షన్ వదులుకోవాలి, క్రెడిట్ మొత్తం పోతుంది. నష్టమే ఎక్కువ.

డిసెంబర్‌లో చేసిన పనులు

వీళ్లకు తక్కువగా నిలిచింది పెట్టుబడుల ఆదాయం. కాబట్టి జీతం వైపు ఎంత తగ్గించినా ఎన్ఐఐటీ కదలదు, పెట్టుబడుల వైపే ఏదైనా చేయాలి. ఆయన బ్రోకరేజ్ ఖాతాలో రెండు షేర్లు నష్టంలో ఉన్నాయి. ఒకటి ఆయన కంపెనీదే. దాన్ని ముట్టుకోలేదు, ఎందుకంటే డిసెంబర్ 15న కొత్త ఆర్ఎస్‌యూలు వెస్ట్ అవుతున్నాయి. అటూ ఇటూ 30 రోజుల్లో అదే షేరు చేతికొస్తే వాష్ సేల్ కింద ఆ మేరకు నష్టం ఆ ఏడాదికి పనికిరాదు. వెస్టింగ్ కూడా కొన్నట్టే లెక్క అన్న సంగతి చాలామందికి తెలీదు. రెండోది ఎవరో స్నేహితుడు చెప్పాడని చాలా ఏళ్ల కిందట కొన్నది, 11,000 నష్టం. దాన్ని అమ్మించాను. ఎన్ఐఐటీ 5,700 నుంచి 5,282కి దిగింది. మామూలు పన్ను కూడా కలుపుకుంటే సుమారు రెండు వేల డాలర్లు మిగిలాయి.

తర్వాత పెనాల్టీ సంగతి. ఈ రెండు పన్నులు కూడా ఏడాది మొత్తం పన్నులో భాగమే. ముందుగా కట్టకపోతే వడ్డీ పడుతుంది, 2024లో అది 8 శాతం. ముందటి ఏడాది ఆదాయం 1,50,000 దాటినవాళ్లు ఆ ఏడాది పన్నులో 110 శాతం కట్టి ఉంటే ఇబ్బంది లేదు. వీళ్లది అంతవరకు రాలేదు. అందుకని ఎస్టిమేటెడ్ పేమెంట్ (మనమే నేరుగా ఐఆర్ఎస్‌కి ముందుగా కట్టడం) కంటే ముందు పే చెక్‌ల దారి పట్టాం. జీతంలోంచి పట్టుకున్న పన్ను డిసెంబర్‌లో పట్టుకున్నా ఏడాది పొడవునా సమానంగా కట్టినట్టే లెక్కేస్తారు. డబ్ల్యూ-4లో అదనపు కోత రాసే 4సి గడిలో ఆయనకు చెక్‌కి 2,500, ఆమెకు 2,000 పెట్టించాను. డిసెంబర్‌లో చెరో రెండు చెక్‌లు, మొత్తం 9,000. ఆమె హెచ్ఆర్ వాళ్లు మార్పుకి ఒక పే సైకిల్ పడుతుందన్నారు. కటాఫ్‌కి ఒక రోజు ముందు పెట్టడంతో బయటపడ్డాం. మిగతాది 2025 జనవరి 15 లోపు ఐఆర్ఎస్ డైరెక్ట్ పేలో కట్టారు. అమ్మకం అక్టోబర్‌లో జరిగింది కాబట్టి ఫారం 2210లో షెడ్యూల్ ఏఐ (ఆదాయం ఎప్పుడొచ్చిందో దాన్ని బట్టి పెనాల్టీ లెక్కేసే పట్టిక) వేసే వీలు కూడా ఉంది. దాని అవసరం రాలేదు.

ఫైల్ చేసేటప్పుడు ఇంకో సంగతి తగిలింది. ఇండియాలో ఎన్ఆర్ఈ డిపాజిట్ (ఎన్ఆర్ఐలు విదేశీ సంపాదన దాచుకునేది) వడ్డీకి పన్ను లేదు కదా అని ఆయన ఇచ్చిన లిస్టులో అది లేదు. ఇక్కడ దానికి పన్ను ఉంది, ఎన్ఐఐటీ కూడా ఉంది. నేను పైన చూపించిన 6,000లో అది కలిసే ఉంది. ప్లాటు డబ్బు ఎన్ఆర్ఓ ఖాతాలో (ఎన్ఆర్ఐల ఇండియా ఆదాయం పడే ఖాతా) పడింది కాబట్టి ఎఫ్‌బార్‌లో (విదేశీ ఖాతాల వివరాలు అమెరికా ప్రభుత్వానికి చెప్పే ఫారం) ఆ ఏడాది అత్యధిక బ్యాలెన్స్ కూడా మారింది.

చివరి లెక్కలో రెండు అదనపు పన్నులకి కలిపి, పట్టుకున్న 252 పోను, 6,290 డాలర్లు కట్టారు. పెనాల్టీ లేదు. ఇండియాలో రీఫండ్ కోసం రిటర్న్ వేయడానికి హైదరాబాద్‌లో వాళ్ల ఆడిటర్‌కి నా లెక్కల షీటు పంపాను. అక్కడి ఏడాది ఏప్రిల్ నుంచి మార్చి, ఇక్కడిది జనవరి నుంచి డిసెంబర్. ఎన్ఆర్ఓ వడ్డీని ఎవరు ఏ ఏడాదిలో చూపించారో ఇద్దరికీ తెలియకపోతే అంకెలు కలవవు.

2025కి ప్లాటు లేదు కాబట్టి జీతాల తేడా ఒక్కటే మిగిలింది. ఆమె జీతం నెలకు రెండుసార్లు, ఏడాదికి 24 చెక్‌లు. 1,008ని 24తో భాగిస్తే 42. ఆమె డబ్ల్యూ-4లో 4సి గడిలో 2,000 తీసేసి 42 పెట్టాం. ఆయన ఆర్ఎస్‌యూలు ఆ ఏడాది ఆగస్టులో మళ్లీ వెస్ట్ అవ్వాల్సి ఉంది. షేరు ధర బాగా పెరిగితే అక్టోబర్‌లో ఆ 42ని మార్చాలని చెప్పాను.